టీ పోసే చప్పుడు

సోంపేట ఆసుపత్రిలో
మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం బ్యాచి మాది.
నాలుగు గంటలు తిరుగుతుంది మిషను.
ముగ్గురి నెత్తురూ గొట్టాల్లో బయటికెళ్లి
కాళ్లూ చేతులూ కడుక్కుని ఇంటికొస్తుంది,
బడి వదిలిన పిల్లల్లాగ.

నా మంచం కిటికీ పక్క.
ఎడమ చేతివైపు మడ్డు దాలయ్య.
తిత్లీ గాలికి ఆయన కొబ్బరి చెట్లెన్ని పడిపోయాయో
వాళ్లావిడ చెప్తుంది, ఆయన చెప్పడు.
అవతల నీలవేణమ్మ.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిన వేళ్లు.
మొదటిరోజు సిస్టరు స్పిరిట్ దూదితో తుడిచి తుడిచి
అది మురికి కాదని తెలిసి ఊరుకుంది.

నా ఫోనులో ఒక జపాను సీరియలు.
మేనల్లుడు ఎక్కించి ఇచ్చాడు, పదకొండు భాగాలు.
"ఏటవుతాది ఇందల?" అన్నాడు దాలయ్య.
ఏటీ అవదు.
సముద్రం పక్కన ఊరు. గొడుగులు బాగుచేసే కొట్టు.
నడివయసు ఆవిడొకరు.
వాన పడుతుంది, ఎవరో తడిసి వస్తారు,
గొడుగు సంగతి చెప్తారు,
చెప్పాలని వచ్చింది చెప్పకుండా కూర్చుంటారు.
ఆవిడ టీ పోస్తుంది.
ఎవరూ అరవరు. తలుపు దగ్గర నిలబడి
ఒకే మొహం మూడుసార్లు తిప్పరు.

రోజుకి రెండు గ్లాసులు నీళ్లే మాకు,
మాత్ర మింగే గుక్కతో కలిపి.
రెండో భాగంలో అనుకుంటాను, నీలవేణమ్మ అంది:
"బావూ, ఆ టీ పోసే సప్పుడు మళ్లీ ఎట్టు."
వెనక్కి జరిపి పెట్టాను.
సన్నటి ధార, గిన్నె నిండేకొద్దీ గొంతు మారుతుంది.
మళ్లీ పెట్టాను.
అవతలి వరసలో మంచాలు కూడా
దగ్గడం ఆపాయి.

మాటల కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడతాయి.
నేను పది తప్పినవాణ్ణి, జెరాక్సు కొట్టువాణ్ణి.
లక్ష కాగితాల ఇంగ్లీషు నా చేతుల మీదుగా పోయింది,
ఒక్క ముక్కా ఆగలేదు.
అయినా చెప్తూ పోయాను. ఆవిడ ఇలా అంటోంది, ఆయన అలా.
మొహాలు చూసి చెప్పాను,
మొహాలైతే మా ఊరివే.

నాలుగో భాగంలో ఒక ముసలాయన
వెనక్కి విరిగిన గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"గాలికి పోయిందంట," అన్నాను.
"ఏ గాలి?"
"తూరుపు గాలంట."
దాలయ్య పైకప్పు ఫేను కేసి చూస్తూ ఉండిపోయాడు.
మిషను రెండుసార్లు కూసింది. సిస్టరొచ్చి నొక్కి వెళ్లింది.
అప్పుడన్నాడు:
"అరవై రెండు."
అంతే. ఇంకేం అన్లేదు.
నీలవేణమ్మ అటు తిరిగి, నల్లటి వేళ్లతో
ఆయన దుప్పటి అంచు సర్దింది.

తరవాతెప్పుడో బీపీ చూడ్డానికొచ్చి
సిస్టరు తెర మీదకి వంగి ఫక్కున నవ్వింది.
"ఏంటన్నయ్యా, ఆవిడ చెప్పేది అది కాదు కదా!"
నా చెవులు వేడెక్కాయి.
"మాకు తెల్దేటమ్మా," అంది నీలవేణమ్మ,
"మొదట్నించీ తెలుసు. నువ్వు ప్రెసరు సూడు."

మొన్న మంగళవారం పదకొండోది అయిపోయింది.
ఎవరూ చావలేదు. ఎవరికీ పెళ్లి కుదర్లేదు.
ఆవిడ దీపం ఆర్పి, కొట్టు తలుపు దగ్గరగా వేసి
ఒక గొడుగు మాత్రం గడప బయట ఆనించి వెళ్లింది.
"ఎవులికోసమది?" అన్నాడు దాలయ్య,
బ్యాండేజి మీద బొటనవేలు నొక్కుకుంటూ.
నాకు తోచలేదు.
"శుక్రవారం సెప్తాను," అన్నాను.

ఆటోలో ఉప్పు గాలి కొట్టింది.
ఇంటికొచ్చినప్పట్నించీ అదే ఆలోచన.
పొద్దున్న మా ఆవిడ ఇచ్చే అర గ్లాసు టీ
ఇప్పుడు తిన్నగా తాగడం లేదు.
ఖాళీ గిన్నె ఒకటి తెచ్చుకుని
ఎత్తునుంచి, సన్నగా,
చెవి దగ్గర పెట్టుకుని పోసుకుంటున్నాను.